రెండు తాళాల పత్రిక

ఆ ఉదయం చేయవలసిన పని చాలా చిన్నది. వచ్చిన వ్యాసాలను కవర్లలో పెట్టాలి, కవర్లను ప్రొఫెసర్ల గదుల్లో ఇచ్చి రావాలి, వార్డులో రౌండ్లు మొదలయ్యేలోగా క్యాంటీన్‌లో టీ తాగాలి. వైద్య కళాశాల విద్యార్థులు సొంతంగా నడపబోయే పత్రికకు ఇంతకంటే ప్రశాంతమైన ప్రారంభం ఉండదని సంపాదకురాలు అనుకుంది. ఆమె అనుకున్నవాటిలో టీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

సంపాదకురాలిని కాలేజీలో అందరూ కామా అంటారు. మాట మొదలుపెడితే ఊపిరి కోసం ఆగుతుందే తప్ప ముగించదని మొదటి సంవత్సరంలో ఎవరో పెట్టిన పేరు. మూడో సంవత్సరానికి వచ్చేసరికి హాజరు వేసే ట్యూటర్ కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచాడు. ఆమె నొచ్చుకోకుండా “ప్రెజెంట్ సార్” అంది. ఆమెకు తోడు సంపాదకుడు నిచ్చెన. లైబ్రరీలో పై అర పుస్తకాలు నేల మీద నిలబడే అందుకోగలడు గనక ఆ పేరు. మనిషికి మాట తక్కువ, నియమం ఎక్కువ. రోడ్డు మీద ఒక్క బండీ లేకపోయినా ఎర్ర దీపం వెలుగుతుంటే ఆగి నిలబడే రకం.

పత్రిక ఆలోచన కామాది. బాబాయి ప్రెస్సులో సిరా వాసన పీలుస్తూ పెరిగిన పిల్ల. కాగితం మీద అచ్చు పడితే తప్ప ఏ మాటా నిలవదని ఆమె నమ్మకం. కాలేజీలో సీనియర్లు ఎంత మంచి సంగతి కనిపెట్టినా అది ప్రాక్టికల్ రికార్డులోకి ఎక్కి, మార్కులు వేయించుకుని, ఆ తర్వాత పాత కాగితాల కట్టలో కలిసిపోయేది. అది చూసి ఆమెకు కడుపు తరుక్కుపోయేది. ఏడాది పొడుగునా ప్రిన్సిపాల్ గారి గది చుట్టూ తిరిగింది. చివరికి ఆయన విసిగిపోయి అనాటమీ విభాగం వెనక పాత సామాన్ల గది తాళంచెవి ఇచ్చారు.

“ఒక్క సంచిక. అది చూశాక మిగతా సంగతి. దీనివల్ల కాలేజీలో ఒక్క గొడవ వచ్చిందో, తాళంచెవి తెచ్చి ఈ బల్ల మీద పెట్టేయాలి” అన్నారాయన.

కామా సంతోషంలో మర్యాద కూడా కలిపి, మొదటి సంచికకు తమరు కూడా ఒక వ్యాసం ఇవ్వాలని వేడుకుంది. ఆయన కాదనలేదు. అడిగినందుకు ఆ తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో ఆమెకే తెలియదు.

పాత సామాన్ల గదిలో ఒక విరిగిన బల్ల, రెండు రేకు పెట్టెలు, కుడి చెయ్యి లేని ఒక అస్థిపంజరం ఉన్నాయి. ఎడమ చేతికి సంచులు తగిలించుకోవచ్చు గనక అస్థిపంజరాన్ని అలాగే ఉంచారు. ఆ బల్ల దగ్గర కూర్చునే పత్రిక నియమాలు రాసుకున్నారు. పెద్ద పత్రికల పద్ధతే తమదీ: వచ్చిన ప్రతి వ్యాసాన్నీ ఆ విషయం తెలిసిన ఒక పెద్దాయన చదివి బాగోగులు రాసివ్వాలి, ఎవరు రాశారో చదివే ఆయనకు తెలియకూడదు, ఎవరు చదివారో రాసినవారికి తెలియకూడదు. ఇంతవరకూ లోకంలో అందరూ చేసేదే. నిచ్చెన అక్కడ ఆగలేదు.

“వాళ్లెవరికీ తెలియకుండా మనిద్దరికీ తెలియడం ఏం న్యాయం?” అన్నాడు.

కామాకు ఆ మాట గొప్పగా తోచింది. పనిని రెండుగా చీల్చుకున్నారు. వ్యాసాలు కామాకు వస్తాయి. పేర్లున్న మొదటి కాగితం చింపి తన పెట్టెలో వేసి తాళం పెడుతుంది. లోపల కాలేజీ పేరో విభాగం పేరో కనిపిస్తే సిరాతో కొట్టేస్తుంది. పైన ఒక అంకె వేసి నిచ్చెనకు ఇస్తుంది. ఎవరి చేత చదివించాలో నిచ్చెన నిర్ణయిస్తాడు. సమీక్ష అతని చేతికే వస్తుంది. దస్తూరీ పోల్చుకోకుండా దాన్ని తన గుండ్రటి అక్షరాలతో తిరగరాసి, అసలు కాగితం తన పెట్టెలో దాచి, నకలు కామాకు ఇస్తాడు. రచయితలు ఆమెకే తెలియాలి, సమీక్షకులు అతనికే తెలియాలి. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. అస్థిపంజరం భుజం మీద చెయ్యేసి ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఇతరుల కళ్లకు గంతలు కట్టబోయి ముందు తామే కట్టుకున్నామని వాళ్లకు అప్పుడు తోచలేదు. అంత మంచి నియమం చేతికి వచ్చాక ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

ఆ ఉదయం కవర్లు అలా వెళ్లాయి. వారం తిరిగేసరికి సమీక్షలు రావడం మొదలైంది. చాలావరకు పెద్దమనిషి తరహావే: బాగుంది, ఇంకా బాగుండవచ్చు, పట్టికలో ఒక అంకె తప్పింది. నాలుగో వ్యాసం సమీక్ష మాత్రం వేరే జాతిది. కామా బల్ల మీద కూర్చుని కాళ్లూపుకుంటూ చదివింది.

‘ఈ రచయిత పరీక్ష రోజున విద్యార్థులను మూడో అంతస్తుకు పిలిపించి, వాళ్లు ఎక్కి రాగానే రక్తపోటు కొలిచాడు. పెరిగిందని ఆశ్చర్యపోయాడు. ఇతడు కొలిచింది పరీక్ష భయాన్ని కాదు, మెట్లను. పరీక్ష లేని రోజున అవే మెట్లు ఎక్కించి ఉంటే ఈ సంగతి తనకే తెలిసేది. విద్యార్థులను కాసేపు కూర్చోబెట్టి కొలవాలన్న జ్ఞానం కూడా లేదు. ఇతడి గైడు ఎవరో గానీ నిద్రపోతున్నట్టున్నాడు. అచ్చుకు పనికిరాదు.’

కామా పకపకా నవ్వింది. ఇలాంటి సమీక్ష కోసమే కదా పత్రిక పెట్టింది అనుకుంది. నాలుగో వ్యాసం ఎవరిదో గుర్తొచ్చేసరికి నవ్వు సగంలో నిలిచిపోయింది. దాని మొదటి కాగితం ఆమె చేతులతోనే చింపింది. ‘పరీక్షా సమయంలో విద్యార్థుల రక్తపోటు’. పేర్లలో మొదటిది, పెద్ద అక్షరాలతో, ప్రిన్సిపాల్ గారిది. ఆయన కిందే పీజీ చేస్తున్న ఒక అక్క పేరు ఆ దిగువన, వెతుక్కుంటే కనబడేంత చిన్నగా ఉంది.

“ఈ నాలుగోదాని రివ్యూయర్ ఎవరో గానీ, కాస్త మెత్తగా రాసివ్వమని అడగలేవా?” అంది.

నిచ్చెన ముఖం పాలిపోయింది. “ఆయన్నా? అడిగితే పత్రిక ఉండదు.”

“రచయిత ఇది చదివినా పత్రిక ఉండదు.”

“అంత పెద్దవాడా? ఎవరూ?”

“రూలు.”

“సరే. రూలు” అని నిచ్చెన తన పెట్టె తాళం మరోసారి లాగి చూసుకున్నాడు.

పాఠకులకు ఈపాటికి సంగతి బోధపడే ఉంటుంది. కాలేజీలో రక్తపోటు గురించి ఎవరి మాట చెల్లుతుందని గేటు దగ్గర కాపలాదారుని అడిగినా ప్రిన్సిపాల్ గారి పేరే చెబుతాడు. నిచ్చెన నియమం ప్రకారం, విషయం చూసి, ఆ కవరు తిన్నగా తీసుకెళ్లి ఆయన బల్ల మీదే పెట్టి వచ్చాడు. ఇక ఆయన తన వ్యాసాన్ని తానే ఎందుకు పోల్చుకోలేదంటారా? పోల్చుకోవాలంటే అంతకుముందు ఒకసారి చదివి ఉండాలి. పిల్లల పత్రికకు మన విభాగం నుంచి ఏదో ఒకటి పంపించేయమని ఆయన పీజీ అక్కతో అన్నారు. ఫోన్లో మాట్లాడుతూనే, ఆమె ముందుపెట్టిన కాగితాల దొంతరలో వేలు చూపించిన చోటల్లా సంతకం చేశారు. అన్ని విభాగాల్లోనూ అదే ఆనవాయితీ, ఎవరూ తప్పనుకోరు.

కామాకు ఇవేవీ తెలియవు. ఆమె ఆ సాయంత్రం ప్రెస్సు మేడ మీద, తాను ఉంటున్న బాబాయి ఇంట్లో, కంచం ముందు పెట్టుకుని అన్నం కెలుకుతూ కూర్చుంది. బాబాయి తన గొడవ తనదిగా, తక్కిన పేజీలన్నీ కూర్పు అయిపోయాయనీ, నాలుగో వ్యాసం కోసం వదిలిన చోటు పళ్లూడిన నోరులా ఉందనీ, ఉంటుందో లేదో త్వరగా తేల్చమనీ చెప్పి కిందికి వెళ్లాడు. పిన్ని మాత్రం అమ్మాయి ముఖం చూసింది.

“ఏమే, పరీక్ష తప్పావా?”

“నేను కాదు పిన్నీ. చాలా పెద్దవాళ్లొకరు తప్పారు. ఆ సంగతి నేనే చెప్పాలి.”

“తీపి పూసి చెప్పు.”

కామా అదే పని చేసింది. నిచ్చెన నకలు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వాక్యాన్నే ముళ్లు తీసి, మళ్లీ రాసింది. రాసి రాసి చివరికి మిగిలింది ఇది: ‘మీ వ్యాసం ఎంతో ఆసక్తికరంగా ఉంది. కొలతలు తీసిన విధానం గురించి ఇంకొంచెం ఆలోచిస్తే మరింత శోభిస్తుందేమోనని సవినయ మనవి. ఈసారికి ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.’ సమీక్షకుడి మాట ఒక్కటీ అందులో మిగల్లేదు. పిన్ని చదివి, ఇది పెళ్లిచూపుల్లో అబ్బాయి నచ్చలేదని చెప్పినట్టు ఉందని మెచ్చుకుంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు అది చదివారు. ఆ కాలేజీ నుంచి వెళ్లిన వ్యాసాల్లో ఆయన పూర్తిగా చదివినవి తక్కువే గానీ, తనకు వచ్చిన ఉత్తరాలు మాత్రం కామాలతో సహా చదువుతారు. గంటలోపు కామాకు కబురు వచ్చింది.

“ఇంకొంచెం ఆలోచిస్తేనా?” అన్నారాయన, కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని. “అంటే ఇప్పటిదాకా నేను ఆలోచించలేదనా? ఎవడు రాశాడిది?”

“నాకు తెలియదు సార్.”

“పత్రిక నీది. నీకు తెలియదా?”

“నిజంగా తెలియదు సార్. రూలు.”

అది నూటికి నూరుపాళ్లు నిజం. నిజం చెప్పినంత మాత్రాన నమ్మాలని ఎక్కడా లేదు. ఈ పిల్ల ఎవరినో కాపాడుతోందని ఆయన నిశ్చయించుకున్నారు. ఎవరినన్న ప్రశ్నకు ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే సమాధానం సిద్ధంగా ఉంటుంది: సర్జరీ ప్రొఫెసర్. వాళ్లిద్దరికీ ఉప్పూ నిప్పూ. కార్ల షెడ్డులో నీడపడే చోటు ఒకటే ఉండటంతో మొదలైన వైరం అది. ఎంత పెద్ద చదువులు చదివినా నీడ నీడే. వచ్చే సోమవారంలోగా ఆ సమీక్షకుడు తన ముందుకొచ్చి క్షమాపణ చెప్పాలనీ, వ్యాసం అచ్చులో రావాలనీ, లేకపోతే తాళంచెవి బల్ల మీద ఉండాలనీ చెప్పి ఆమెను పంపేశారు.

ఆ మధ్యాహ్నం నుంచే చిలికి చిలికి గాలివాన అయింది. స్టాఫ్ రూమ్‌లో ప్రిన్సిపాల్ గారు సర్జరీ ప్రొఫెసర్ పలకరిస్తే గోడ గడియారం చూశారు. శనివారాలు ప్రిన్సిపాల్ గారి మెడిసిన్ విభాగమూ సర్జరీ విభాగమూ కలిసి జరిపే చర్చా సమావేశం రద్దయింది. మెడిసిన్ వార్డుకూ సర్జరీ వార్డుకూ మధ్య ఉన్నది ఒక్క తలుపు. ఆ తలుపు తోసుకుని ‘ఈ పేషెంట్‌ని ఒకసారి చూడండి’ అనే మనుషులు, ‘తమరి సత్వర పరిశీలన నిమిత్తం’ అంటూ ఉత్తరాలు పంపుకోసాగారు. టీ బల్లకు ఈ కొసన ఒక వర్గం, ఆ కొసన ఒక వర్గం కూర్చున్నాయి. చక్కెర గిన్నె నడిమధ్యన ఉండటంవల్ల, ఎవరూ చెయ్యి చాచలేక, అందరూ చప్పటి టీ తాగారు.

సర్జరీ ప్రొఫెసర్‌కు ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయనకు వచ్చిన కోపం వేరు. పాత సామాన్ల గదికి స్వయంగా వచ్చి, అస్థిపంజరాన్ని కాస్త పక్కకు జరిపి, కుర్చీ లాక్కున్నారు.

“నేను రాశానంటున్నారు. నేను రాయలేదు. అది సరే. అసలు నాకు ఒక్క వ్యాసం కూడా ఎందుకు పంపలేదు మీరు? నేను పనికిరాననా?”

సర్జరీ మీద వ్యాసం ఏదీ రాలేదని కామా చెప్పింది. ఆయన నమ్మలేదు. ప్రిన్సిపాలే వద్దని ఉంటాడన్నారు. సోమవారం తానూ ఆ గదికి వస్తాననీ, అందరి ముందూ తేలాలనీ, తేలకపోతే ఈ పత్రిక ఎలా నడుస్తుందో చూస్తాననీ అన్నారు. వెళుతూ అస్థిపంజరాన్ని మళ్లీ మొదటి చోటికి జరిపి వెళ్లారు. ఎంతైనా పద్ధతి గల మనిషి.

ఇది కామా వైపు కథ. అటు నిచ్చెన పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. వరండాలో ప్రిన్సిపాల్ గారు అతణ్ణి ఆపారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, సమీక్షకుడి హోదాలో మాట్లాడారు. తాను చదివిన ఆ మెట్ల వ్యాసం ఏమైందని అడిగారు. అంత చెత్త తన ఇన్నేళ్ల సర్వీసులో చూడలేదన్నారు. అది గనక అచ్చులో కనబడితే తాళంచెవి తన బల్ల మీద ఉండాలన్నారు. నిచ్చెన తలూపి వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వెనక మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. మాట్లాడటం మొదలుపెడితే ఆగని కామా చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అది చూసి నిచ్చెనకు భయం వేసింది.

“నాలుగో వ్యాసం వేయకపోతే, రివ్యూయర్‌ని అప్పగించకపోతే, పత్రిక పోతుంది” అంది చివరికి. “రచయిత మాట అది.”

“వేస్తే పత్రిక పోతుంది. రివ్యూయర్ మాట ఇది.”

“ముందు నుయ్యి, వెనక గొయ్యి.”

“రెండూ ఇంత లోతుగా ఎలా ఉన్నాయంటావు?” అన్నాడు నిచ్చెన. అతనికి ఇలాంటి అనుమానాలు నెమ్మదిగా వస్తాయి. “పోనీ, ఒట్టు తీసి గట్టున పెడదామా? పత్రికే పోయాక ఒట్టు మాత్రం ఎందుకు?”

నోటితో చెబితే నియమం మరీ బాహాటంగా తప్పినట్టుంటుందని, చెరొక చీటీ మీద రాసి ఒకేసారి ఇచ్చిపుచ్చుకున్నారు. ఇద్దరూ విప్పారు. ఇద్దరూ చిరాకుపడ్డారు.

“నేను నిన్ను అడిగింది రివ్యూయర్ పేరు. రచయిత పేరు ఎందుకు రాశావు? నా పెట్టె తీశావా?” అంది కామా.

“నువ్వే నా పెట్టె తీసినట్టున్నావు. నేనడిగింది రచయిత పేరు, నువ్వు రివ్యూయర్ పేరు రాశావు.”

కాసేపు ఒకరినొకరు దొంగల్ని చూసినట్టు చూసుకున్నారు. తర్వాత రెండు చీటీలూ మెట్టు మీద పక్కపక్కన పెట్టారు. రెండింటి మీదా ఒకే పేరు. ఆ మెట్ల మీద పైకి వెళుతున్న నర్సొకావిడ, ఈ పిల్లలిద్దరికీ ఒంట్లో బాగానే ఉందా అని ఆగి చూసి వెళ్లింది.

“ఆయన వ్యాసాన్ని ఆయనే…” అని మొదలుపెట్టాడు నిచ్చెన.

“ఆయన చదవలేదు” అంది కామా. “రాసింది ఆయన కాదు, పంపేముందు చదవలేదు కూడా. నిద్రపోతున్న గైడు ఆయనే.”

నవ్వు రావలసిన చోటే గానీ రాలేదు. ఈ నిజం ప్రిన్సిపాల్ గారికి చెప్పడమంటే పిల్లి మెడలో గంట కట్టడమే. సర్జరీ ప్రొఫెసర్ ఎదుట బయటపడిందా, ఆ అవమానం ఆయన జన్మలో మరచిపోరు. పత్రిక పేరు చెబితేనే మండిపడతారు. ఏడాది తిరిగి సాధించుకున్న గది, బాబాయి ప్రెస్సులో సగం కట్టిన పేజీలు, అన్నీ గంగలో కలుస్తాయి. కామాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే నిచ్చెనకు ఏం చేయాలో తోచదని ఆపుకుంది.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన పెట్టెలోని అసలు కాగితం తీసుకుని ఇద్దరూ పీజీ అక్క దగ్గరికి వెళ్లారు. వ్యాసం రాసింది ఆమే కాబట్టి, ఆ సమీక్ష ఎవరికైనా చెందాల్సింది ఉంటే ఆమెకే. అక్క వార్డు చివర బల్ల దగ్గర నిలబడే చదివింది. ప్రిన్సిపాల్ గారి రాత గొలుసుకట్టు. ఆసుపత్రిలో దాన్ని తడుముకోకుండా చదవగలిగే కొద్దిమందిలో ఆమె ఒకతె. చదువుతూ చదువుతూ ఆమె కుర్చీలో కూలబడింది. కంట్లో నీళ్లు తిరిగాయి.

“మరీ ఇంత ఘాటుగా ఉందని మేము ముందే…” అని కామా నీళ్లు నమిలింది.

“ఘాటు కాదు. చదివారు” అంది అక్క. “ఇక్కడ చేరినప్పటి నుంచి నా పని ఒక్కసారి చూడండి సార్, చూడండి సార్ అని వెంటపడుతున్నాను. ఒక్క పేజీ చదవలేదు. ఇప్పుడు చూడు, ప్రతి పట్టికా చూశారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం కూడా. ఎంత బాగా చెప్పగలరో ఆయన.”

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో వాళ్లకు తెలియలేదు. ఆ కాగితం ఇంకోసారి చదివి, జాగ్రత్తగా మడిచి ఇచ్చేసింది. సోమవారం తనను కూడా పిలవమంది.

సోమవారం ప్రిన్సిపాల్ గారి గదిలో అందరూ చేరారు. సర్జరీ ప్రొఫెసర్ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. పీజీ అక్క గోడ పక్కన నిలబడింది. కామా వస్తూనే పాత సామాన్ల గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

“అంటే ఎవరూ రాలేదన్నమాట” అన్నారు ప్రిన్సిపాల్ గారు, సర్జరీ ప్రొఫెసర్ వంకే చూస్తూ. “వచ్చినవాళ్లేమో ఒప్పుకోరు.”

“నేనే రాసి ఉంటే సంతకం పెట్టి మరీ రాసేవాణ్ణి” అన్నారు సర్జరీ ప్రొఫెసర్.

“దస్తూరీ చూస్తే తేలిపోతుంది. ఎవరి రాతైనా నేను ఇట్టే గుర్తుపడతాను. అసలు కాగితం ఏదీ?”

నిచ్చెన కామా వైపు చూశాడు. కామా తల ఊపింది. అతను నాలుగు మడతల కాగితాన్ని బల్ల మీదుగా ఆయన చేతికే, ఇంకెవరికీ కనబడకుండా అందించాడు. అంత పొడుగు చెయ్యి ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకోవలసిన సందర్భం అతని జీవితంలో అదొక్కటే.

ప్రిన్సిపాల్ గారు విప్పారు. మొదటి వాక్యం దగ్గర కళ్లు చిట్లించారు. తన రాత చదవడం ఆయనకూ కష్టమే. రెండో వాక్యానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మెట్ల మాట వచ్చేసరికి తల పైకెత్తి కామాను, నిచ్చెనను, చివరకు పీజీ అక్కను చూశారు. మళ్లీ కాగితంలోకి వెళ్లి, నిద్రపోతున్న గైడు దగ్గర ఆగారు. అక్కడ చాలాసేపు ఉన్నారు.

“ఎవరిదో తెలిసిందా?” అన్నారు సర్జరీ ప్రొఫెసర్. “ఇలా ఇవ్వండి, నేనూ చూస్తాను.”

ప్రిన్సిపాల్ గారు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

“రివ్యూయర్ పేరు బయటపెట్టకూడదు. పత్రిక రూలు” అన్నారు.

“మీరే కదా ఇంతసేపూ…”

“నాదే తప్పు. పిల్లలు పెట్టుకున్న రూలే సరైంది.” ఆయన గొంతు సవరించుకున్నారు. “ఈ రాసినాయన చాలా శ్రద్ధగా చదివాడు. మాట కాస్త దురుసు. చెప్పిందంతా నిజమే. రాసింది మీరు కాదు. మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను, క్షమించండి.”

సర్జరీ ప్రొఫెసర్ పోట్లాటకు పూర్తిగా తయారై వచ్చారు. ఎదురుదెబ్బ లేకపోవడంతో ఆ తయారీ అంతా ఎక్కడ దించుకోవాలో తెలియక లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచారు. పరవాలేదన్నారు. కార్ల షెడ్డులో నీడ కావాలంటే ఒకరోజు విడిచి ఒకరోజు తీసుకోవచ్చని కూడా నోరు జారారు. ప్రిన్సిపాల్ గారి క్షమాపణను కొలీగులందరికీ వర్ణించి చెప్పాలన్న ఆత్రంతో గబగబా వెళ్లిపోయారు.

తలుపు మూసుకున్నాక ప్రిన్సిపాల్ గారు పీజీ అక్కను అడిగారు. “మూడో అంతస్తులో కొలవమని ఎవరు చెప్పారమ్మా నీకు?”

“కింద గది ఇప్పించమని అర్జీ పెట్టాను సార్. కుదరదని వచ్చింది.”

“ఎవరు కుదరదన్నారు?”

అక్క బల్ల మీద ఆయన సంతకాలు పెట్టే కలం వైపు చూసింది. ఆయన రెండోసారి అడగలేదు. చదవకుండా పెట్టిన సంతకాలు ఇంకెన్ని ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెడుతున్నవాడిలా కాసేపు కిటికీలోంచి చూశారు.

“ఈ వారంలో కింద గది తీసుకో. కూర్చోబెట్టి కొలువు. పరీక్ష లేని రోజున కూడా కొలువు” అన్నారు. “నా పేరు తీసేసి నీ పేరు వేసుకో.”

“మొదట నా పేరు వేసుకుంటాను సార్. తర్వాత మీ పేరు ఉండనివ్వండి. ఇప్పుడు చదివారు కదా” అంది అక్క.

ఆయన ముఖంలో సిగ్గు స్పష్టంగా కనిపించింది. దాచుకోవాలని కూడా ఆయన ప్రయత్నించలేదు. బల్ల మీది తాళంచెవిని వేలితో కామా వైపు తోశారు. ఆమె దాన్ని తీసుకుని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. తలుపు దాకా వెళ్లాక ఆయన వెనక్కి పిలిచారు.

“ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?”

“మా రూలు ప్రకారం ఎవరికీ తెలియదు సార్” అంది కామా. అంత చిన్న వాక్యం ఆమె నోట రావడం నిచ్చెన వినడం అదే మొదటిసారి.

మొదటి సంచిక అనుకున్నదానికంటే ఆలస్యంగా వచ్చింది. బాబాయి ప్రెస్సులో ఖాళీగా ఉన్న చోట్లోకి నాలుగో వ్యాసం కొత్త కొలతలతో వచ్చి కూర్చుంది. పరీక్ష భయం నిజంగానే రక్తపోటు పెంచుతుందని, అయితే మెట్లంత కాదని తేలింది. వ్యాసం చివర పీజీ అక్క, పేరు తెలియని సమీక్షకుడికి తన గురువుతో సమానంగా రుణపడి ఉన్నానని రాసింది. ప్రిన్సిపాల్ గారు ఆ వాక్యాన్ని ప్రూఫులోనే చదివారు. ఆ రోజుల్లో ఆయన ఏది ఇచ్చినా చదివేవారు. క్యాంటీన్ బిల్లు కూడా వదిలేవారు కాదు.

రెండో సంచికకు ముందు ఆయనే స్వయంగా పాత సామాన్ల గదికి వచ్చి ఒక కొత్త నియమం చేర్చమన్నారు. దాని ప్రకారం ఆ పత్రికకు వ్యాసం పంపే ప్రతివారూ ‘ఈ వ్యాసాన్ని నేను పూర్తిగా చదివాను’ అన్న కాగితం మీద సంతకం చేయాలి. ఎన్ని తరాల సంపాదకులు మారినా ఆ నియమం ఇప్పటికీ అమలులో ఉంది.

చాలామంది ఆ కాగితాన్ని చదవకుండానే సంతకం పెడతారని వినికిడి.